ఎండాకాలపు నాకా

సమాధి రాయి మీద చెక్కించాల్సింది కొంచెమే. శాంతమ్మ పేరు, పుట్టిన ఊరు, రెండు తేదీలు. పుట్టిన ఊరు దగ్గర ఆమె భర్త ప్రేమదాసు కలం ఆగిపోయింది. ఆదివారం ఆమె జ్ఞాపకార్థ కూడిక. ఆలోగా కాగితం రాయి చెక్కేవాడికి అందాలి.

శాంతమ్మ తండ్రి బాట మీద పోయే బండ్ల దగ్గర సుంకం వసూలు చేసే నాకాలో పని చేసేవాడు. తను ఆ నాకా గుడిసెలోనే పుట్టానని, అది ఎంకపల్లి దగ్గరని ఆమె చెప్పేది. కాదు, కనకమామిడి దగ్గరని ఆమె అన్న సాముయేలు. ఇరవై ఏళ్లు ఇద్దరూ ఈ సంగతి మీద నవ్వుతూ తగువులాడుకున్నారు. ప్రేమదాసు ఎవరి పక్షమూ పట్టలేదు. ఇప్పుడు పట్టక తప్పలేదు.

అది 1969 ఏప్రిల్. తెలంగాణ ఉద్యమంతో చేవెళ్ల బడి మూతబడి, అక్కడ పంతులైన ప్రేమదాసుకు పగలంతా ఖాళీగానే ఉంది. పాత పట్వారీ ఇంట్లో ఆ బాటల పటం, ఒక ఉర్దూ నక్షా దొరికింది. నాకా గుర్తు కనకమామిడి దగ్గరే ఉంది. మామగారి పెట్టె అడుగున పరిచిన పాత పత్రికలో నాకా వేలం ప్రకటన కనిపించింది. అందులోనూ కనకమామిడే.

"ఇద్దరు సాక్షులు చాలు బావా. ఇగ రాయించు," అన్నాడు సాముయేలు.

ప్రేమదాసుకు చేయి రాలేదు. ఆమె మాట తప్పని ఆమె రాయి మీదే చెక్కించడం ఎట్లా? చోటు చూసి వద్దామన్నాడు. బస్సులు లేవు. సైకిల్ తీశాడు. వెనక కూర్చున్న సాముయేలు, పంతులు తొక్కుడుకు కనకమామిడి చేరేసరికి తెలంగాణ వచ్చేస్తుందని దారంతా ఎగతాళి చేశాడు.

కనకమామిడిలో అంతమ్మ అనే ముసలామె దొరికింది. ఆమె పెనిమిటి ఆ బాటనే బండి తోలేవాడట. నాకా ఎక్కడుండేదని అడిగితే చింతచెట్ల వైపు చూపించింది. సాముయేలు బావను మోచేత్తో పొడిచాడు.

"ఎండకాలం గూడ గక్కడనేనా, అవ్వా?" అని ప్రేమదాసు అడిగాడు.

"ఎండకాలం గీడెందుకుంటది సారూ? వాగు ఎండంగనే బండ్లన్ని వాగుల దిగి ఎంకపల్లి దిక్కు పోతుండె, సుంకం ఎగ్గొట్టనీకి. నాకా ఆయన తక్కువోడా? గుడిసె ఇప్పి, బండిల ఏసుకొని, ఆళ్ల ఎనకనే పోయి వాగొడ్డున కూసుంటుండె."

"పెండ్లాం పిల్లలు?"

"ఆళ్లను యాడ ఇడుస్తడు? అందరు పోతుండిరి. వానలు పడ్డంక మల్ల గీడికే."

శాంతమ్మది ఏప్రిల్ పుట్టుక. ఆ సంగతిలో అన్నాచెల్లెళ్లకు ఎన్నడూ తగువు లేదు.

తిరుగు దారిలో సాముయేలు సైకిలెక్కలేదు. పక్కన నడిచాడు. చాలా దూరం పోయాక, చెల్లెలు పుట్టినప్పుడు తనకు అయిదేళ్లని, చింతచెట్ల కింది గుడిసె ఒక్కటే యాదికున్నదని మెల్లగా చెప్పాడు.

"దాన్ని అబద్ధాలకోరని ఏడిపించిన, బావా."

"నువ్వు ఏడిపిస్తే నవ్వేది గద," అన్నాడు ప్రేమదాసు.

ఇంటికి చేరాక సాముయేలు కాగితం అందుకున్నాడు. నువ్వొద్దు, నేను రాస్తనన్నాడు. మూడో తరగతితో చదువు మానినవాడు. ఒక్కో అక్షరం ఒత్తి, "ఎంకపల్లి వాగొడ్డు" అని రాశాడు.

మర్నాడు రాయి చెక్కేవాడు దాన్ని చదివి, ఊరి పేరుంటే సరిపోదా సారూ అని అడిగాడు.

"ఆమె అన్న రాసిండు. అట్లనే చెక్కు," అన్నాడు ప్రేమదాసు.