బెండు ఇరుక్కోలేదు

నేను ఒక ఇత్తడి విజిల్‌ని. మౌలాలిలో నవజ్యోతి ఫుట్‌బాల్ క్లబ్బు వాళ్ళ అద్దాల బీరువాలో, మసిబారిన కప్పుల మధ్య ఈమధ్యే వచ్చి పడ్డాను. నా పక్కన అట్టముక్క మీద 'మోగని విజిల్' అని రాసి పెట్టారు. చూసినవాళ్ళు నవ్వుకుంటూ పోతారు. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత మనుషులకు కంఠతా వచ్చు గానీ, ఆ మద్దెలను పిలిచి నీ మాటేమిటని అడిగినవాడు లేడు. నన్నూ ఎవరూ అడగలేదు.

నేను మీరట్‌లో పుట్టాను. ఒక ముసలి పనివాడు రేకు వంచి, అతికి, నా కడుపులో శనగగింజంత బెండు ముక్క వేశాడు. అది గిరగిరా తిరిగితేనే నాకు గొంతు. ఎండితే పట్టేస్తుంది. ఆ సంగతి బాగా తెలిసిన మనిషి చేతిలోనే పడ్డాను. ఆయన దేవదానం సార్, బడిలో డ్రిల్లు మాస్టారు, సెలవు రోజుల్లో రెఫరీ. ప్రతి ఆటకు ముందు నన్ను గ్లాసు నీళ్ళలో నానబెట్టేవారు. పెళ్ళికొడుక్కి కూడా అంత శ్రద్ధగా స్నానం చేయించరు. పదకొండేళ్ళలో నేను ఒక్కసారి కూడా మొరాయించలేదు.

ఆయన చేతికింద తయారైనవాడే ఐలేష్. పందొమ్మిదేళ్ళకే నవజ్యోతి క్లబ్బుకు ముందు వరసలో ఆడేవాడు. ఆ ఏడు ఫైనల్ చూడటానికి గోవా క్లబ్బు వాళ్ళు వచ్చి షామియానా కింద కూర్చున్నారు. వాళ్ళు తీసుకోకపోతే సోమవారం నుంచి గూడ్సు షెడ్డులో మూటలు మోయాలి. ఆ మాట ఐలేష్‌కు తెలుసు, సార్‌కూ తెలుసు.

ఇంకో నిమిషంలో ఆట ముగుస్తుందనగా కార్నర్ నుంచి బంతి వచ్చింది. ఐలేష్ ఎగిరాడు. బంతి వాడి ఎడమ మణికట్టుకు తగిలి గోల్లో పడింది. సార్ ఆరడుగుల దూరంలో ఉన్నారు. నన్ను పెదాల మధ్య పెట్టుకున్నారు, గుండెనిండా ఊపిరి తీసుకున్నారు. నేను సిద్ధంగా ఉన్నాను. ఆ ఊపిరి నా దాకా రాలేదు. ముక్కులోంచి మెల్లగా బయటికి పోయింది. గంతులు వేసే ముందు ఐలేష్ ఒకసారి వెనక్కి తిరిగి సార్ ముఖం చూశాడు. సార్ తల దించుకుని గోలు ఇచ్చేశారు.

ఓడినవాళ్ళు బంతి చేతికి తగిలిన ఫోటో ఒకటి పట్టుకొచ్చారు. ఫుట్‌బాల్ సంఘం వాళ్ళు విచారణ జరిపారు.

"నేను ఊదిన సార్. లోపల బెండు ఇరుక్కున్నది, మోగలే" అన్నారు దేవదానం సార్.

అప్పుడు ఆయన జేబులోనే ఉన్నాను, ఇంకా తడిగా. నాకు ఒళ్ళు మండిపోయింది. విజిల్ మోగలేదు కాబట్టి గోలు నిలిచింది గానీ, విజిల్ సరిచూసుకోని వాడు రెఫరీ ఏమిటని ఆయన్ను శాశ్వతంగా తీసేశారు. ఊళ్ళో ఆయన పేరు పోయి 'మోగని విజిల్' మిగిలింది.

ఐలేష్ గోవా రైలెక్కే రోజు సార్ స్టేషనుకు వచ్చి నన్ను వాడి మెడలో వేశారు. "నాకింక దీంతోని పనేముంది బిడ్డా. నీ దగ్గర పెట్టుకో, మంచిగ ఆడు" అని రైలు కదిలేదాకా నిలబడ్డారు. ఆయన ఒక మాట కోసం చూస్తున్నారు. చెయ్యి తగిలింది సార్, నా కోసం మీరు ఊదలేదు, అన్న ఒక్క మాట. ఐలేష్ కిటికీలోంచి చెయ్యి ఊపాడు, అంతే.

గోవాలో అయిదేళ్ళు, ఆ తర్వాత మస్కట్‌లో ఒక క్లబ్బుకు నాలుగేళ్ళు. వాడి సంచిలో మేజోళ్ళ కంపు భరిస్తూ నేనూ తిరిగాను. ఆ ఫైనల్ గోలు సంగతి ఎవరడిగినా తలతో కొట్టానని చెప్పేవాడు. ఆ కథలో ఏడాదికేడాది ఇంకా ఎత్తు ఎగిరేవాడు. చివరికి మోకాలు పోయింది. నవజ్యోతి క్లబ్బుకే కోచ్‌గా తిరిగొచ్చి, నన్ను మెడలో వేసుకున్నాడు.

సార్ రోజూ సాయంత్రం మైదానానికి వచ్చి సిమెంటు బెంచీ మీద కూర్చునేవారు. సీసాలోంచి నా మీద నాలుగు చుక్కలు పోసి, "ఎండితే పట్టేస్తది బిడ్డా, నాకు అట్లనే అయింది గద" అనేవారు. ఎదురుగా ఉన్నది ఐలేష్ ఒక్కడే అయినా ఆ అబద్ధం విడిచిపెట్టలేదు. ఐలేష్ నోరు తెరిచేవాడు.

"చాయ్ తాగుతరా సార్?" అనేవాడు.

అలా పదమూడేళ్ళు చాయ్‌లే తాగారు. ఈ మనుషులకు నోట్లో ఇరుక్కోవడానికి బెండు ముక్క కూడా అక్కర్లేదు.

మొన్న మాఘంలో సార్ నిద్రలోనే పోయారు. మైదానంలో సంతాప సభ పెట్టి, రెండు నిమిషాల మౌనం అన్నారు. మొదలుకు ఒక విజిల్, ముగింపుకు ఒక విజిల్. ఐలేష్ నన్ను నానబెట్టుకుని వచ్చాడు. మొదటిసారి ఖణేల్మని మోగాను. అందరూ తలలు వంచారు. నేను పెదాల మధ్యే ఉన్నాను. ఐలేష్ ఖాళీ బెంచీ వైపు తిరిగాడు. అర నిమిషమైనా కాకముందే, నన్ను పళ్ళ మధ్య పట్టుకునే అన్నాడు.

"చెయ్యి తగిలింది సార్."

మాట బయటికి రాలేదు. ఊపిరి నాలోకి వచ్చింది, బెండు తిరిగింది, నేను మోగాను. ఇరవై రెండేళ్ళు ఆలస్యంగా ఆ తప్పుకు విజిల్ పడింది.

మౌనం అయిపోయిందనుకుని జనం తలలెత్తి, చెప్పులు వెతుక్కుంటూ వెళ్ళిపోయారు.