రాగి నత్త

ఇనెస్ మెల్త్సర్ కట్టించిన అద్దాల హాలు కొండ మీద ఉంది. అనెగ్రెట్ ఊలిగ్ కార్ఖానా కొండ కింద, ఏటి పక్కన ఉంది. పొద్దున ఆరింటికి తాళం తీసేటప్పుడు తలెత్తి చూడకపోతే ఆ హాలు అసలు కనిపించదు. అనెగ్రెట్ ఆరేళ్లుగా రోజూ తలెత్తి చూస్తోంది.

చూసి, కడుపు మండించుకుని, అప్పుడుగాని లోపలికి అడుగు పెట్టదు.

"ఇవాళా చూశావా తల్లీ? అక్కడే ఉందా, రాత్రికి రాత్రి ఎవరైనా ఎత్తుకుపోయారా?" అని ఫిల్మ్ గదిలోంచి ట్రౌడల్ అడుగుతుంది. ట్రౌడల్ పేరుకే జీతానికి పనిచేసే మనిషి. అనెగ్రెట్ కంటే రెండేళ్లు పెద్దది, నోరు ఇరవయ్యేళ్లు పెద్దది. యజమానురాలని ఆమెకు భయమూ లేదు, మొహమాటమూ లేదు.

అక్కడ తయారయ్యేది సర్క్యూట్ బోర్డు. పల్చటి పలక మీద రాగి పొర పరిచి, ఫిల్ము మీద గీసిన దారుల అచ్చు దాని మీద వేసి, మందునీళ్ల తొట్లలో ముంచి, అక్కర్లేని రాగిని కరిగించేస్తే సన్నని దారులు మిగులుతాయి. చిప్పులూ మిగతా సరంజామా ఆ దారుల మీద తరవాత ఎక్కడో ఎవరో అతికిస్తారు. ఆ అతికించేవాళ్లలో ఇనెస్ ఒకతె. ఆమెది శుభ్రమైన పని, తెల్లకోటు వేసుకుని చేసే పని. అనెగ్రెట్‌ది వాసన కొట్టే పని. ఇంటికి వెళ్లి ఎంత రుద్దుకున్నా జుట్టులోంచి ఆ వాసన పోదు.

ఇద్దరూ పద్దెనిమిదేళ్ల వయసులో ఒకే బల్ల దగ్గర పని నేర్చుకున్నారు, సర్కారు కార్ఖానాలో. దేశాన్ని రెండు ముక్కలు చేసిన గోడ కూలాక ఆ కార్ఖానా మూతపడింది. మిగిలిన యంత్రాలను ఇద్దరూ పంచుకున్నారు. ఇనెస్ టంకం గది తీసుకుంది. తొట్లు అనెగ్రెట్‌కు వచ్చాయి. నిజానికి ముందుగా కోరుకునే వంతు అనెగ్రెట్‌దే, తొట్లే కావాలన్నదీ ఆమే. బోర్డు లేకుండా ఎవరు ఏం చేయగలరులే అనుకుంది. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పదు, తనకు తాను కూడా చెప్పుకోదు. ఇనెస్ మంచిదంతా లాక్కుపోయిందనే ముప్పై మూడేళ్లుగా చెప్పుకుంటోంది.

ఆరేళ్ల కిందట ఇనెస్‌కు ప్రభుత్వ సాయం వచ్చింది. అద్దాల హాలు లేచింది. మంత్రి వచ్చి రిబ్బను కత్తిరించాడు. ఆ డిసెంబరులో క్రిస్మస్ సంతలో, వేడి వైన్ కొట్టు ముందు, ఊరంతా వింటుండగా అనెగ్రెట్ అరిచింది: "నా గడప దాటి ఒక్క బోర్డు కూడా నీ ఇంటికి రాదే! కాళ్ల మీద పడి అడిగినా ఇవ్వను!"

ఇనెస్ కప్పు అక్కడ పెట్టేసి వెళ్లిపోయింది. ఆ తరవాత ఆమె నుంచి ఆర్డర్లు రాలేదు. అయినా అనెగ్రెట్ ఏమీ చితికిపోలేదు. ఆర్నెల్లు తిరక్కుండానే నూరెంబర్గ్ డీలరు ఒకడు పెద్ద ఆర్డరుతో వచ్చాడు. డీలర్లు అసలు కొనేవాళ్ల పేరు చెప్పరు, అది వాళ్ల బతుకుతెరువు. ఇప్పుడు సరుకులో సగం అతనికే పోతోంది. "చూశావా, ఎక్కడో ఉన్నవాళ్లకు మన విలువ తెలుసు, పక్కనున్న దానికి తెలీదు" అని అనెగ్రెట్ వారానికోసారైనా అనేది. ట్రౌడల్ తలొంచుకుని ఫిల్ము తుడుచుకునేది.

ఈ ఏడు మాత్రం నిజంగానే పీకల మీదికి వచ్చింది. పాత తొట్లకు ఇచ్చిన అనుమతి వచ్చే డిసెంబరుతో చెల్లిపోతుంది. కొత్తవి పెట్టడం ఆమె తరం కాదు. సాయం కోసం అర్జీ పెడితే రెండు వాక్యాల జవాబు వచ్చింది: పథకం చిప్పుల తయారీకి, మీ వస్తువు జాబితాలో లేదు. తొట్లు ఆగితే ముప్పై ఒక్క మంది రోడ్డున పడతారు. అందులో ఇరవై మందికి వేరే పని రాదు.

ఆ జాబితానే ఇప్పుడు తిరగరాస్తున్నారు. బ్రస్సెల్స్ నుంచి యూరప్ యూనియన్ అధికారులు ముగ్గురు వస్తున్నారు, జిల్లాలో ఒక్క కార్ఖానా చూస్తారు, గంటసేపు ఉంటారు. మా దగ్గరికి రండి అని అనెగ్రెట్ నాలుగు ఉత్తరాలు రాసింది. వాళ్లు ఎంచుకున్నది అద్దాల హాలు.

పైగా ఇనెస్ నుంచి ఆహ్వానం. అచ్చువేసిన అక్షరాల కింద చేత్తో ఒక మాట: తప్పకుండా రా.

"చూడు, నా పుండు మీద కారం చల్లడానికి ఎంత ముచ్చటగా రాసిందో!" అంది అనెగ్రెట్.

"రమ్మంది కదా, వెళ్దాం. కేకు ఉంటుంది" అంది ట్రౌడల్.

"వెళ్తాను. కేకు కోసం కాదు, దాని బండారం బయటపెట్టడానికి. అక్కడ వాడే బోర్డులు చైనావి."

"నీకెవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాలా? యూరప్‌లో బోర్డులు చేసేవాళ్లం ఎంతమందిమి మిగిలాం? మొన్న బోర్డులవాళ్ల సంఘం సమావేశంలో ఒక్కొక్కణ్ణీ పట్టుకుని అడిగాను. ఇనెస్‌కు నువ్వు ఇస్తున్నావా, నువ్వు ఇస్తున్నావా అని. అందరూ లేదన్నారు. మరి ఆకాశం నుంచి ఊడిపడుతున్నాయా?"

ట్రౌడల్ ఏదో అనబోయి, నోరు మూసుకుంది. ఆమె నోరు మూసుకోవడం అరుదు. అనెగ్రెట్ అది గమనించే స్థితిలో లేదు.

వాళ్లు వచ్చే గురువారం పొద్దున పదింటికి హాలు నిండింది. కిటికీల్లో క్రిస్మస్ కొవ్వొత్తుల తోరణాలు పెట్టారు, బల్లల మీద కాఫీ, ముక్కలు కోసిన స్టోలెన్ కేకు. అనెగ్రెట్ కేకు ముట్టలేదు. నేల అద్దంలా ఉందని తిట్టుకుంది, ఎక్కడా వాసన లేదని తిట్టుకుంది. ఇనెస్ జుట్టుకు రంగు వేయకుండా అలాగే వదిలేసింది, నెరిసినా బాగుంది. దానికీ తిట్టుకుంది.

వచ్చిన ముగ్గురిలో జాబితా రాసే కలం ఫెర్మూలెన్ అనే పొడుగాటి ఆవిడ చేతిలో ఉంది. మొదటి వరసలో కూర్చుని మోకాలి మీద పుస్తకం పెట్టుకుంది.

ఇనెస్ ఒక బోర్డు ఎత్తి పట్టుకుంది. అరచేతి అంత పలక, ఇటు చివర నుంచి అటు చివర దాకా చిప్పులతో కిక్కిరిసి ఉంది. "ఆసుపత్రుల్లో ఊపిరి యంత్రాలకు పోయే బోర్డు ఇది. దీని మీద ఉన్నదేదీ యూరప్ బయట నుంచి వచ్చింది కాదండి. చిప్పు డ్రెస్డెన్‌ది. రిలే స్విచ్చులు ఆస్ట్రియావి. ఇక వీటన్నిటినీ మోస్తున్న పలక—"

అనెగ్రెట్ లేచి నిలబడింది. "ఆ పలక ఎక్కడిదే?"

హాలంతా వెనక్కి తిరిగింది.

"కూర్చో అనెగ్రెట్. అదే చెప్పబోతున్నాను."

"నువ్వు చెప్పేదేంటి, నేను చెప్తాను! అమ్మా, నేను నలభై ఏళ్లుగా బోర్డులు చేస్తున్నాను. యూరప్‌లో చేసేవాళ్లందరినీ అడిగాను, ఈవిడకు ఎవ్వరూ ఇవ్వడం లేదు. అది సముద్రం దాటి వచ్చిన సరుకు. సర్కారు సొమ్ముతో అద్దాలు కట్టి, మీ కళ్లకు గంతలు కడుతోంది!"

ట్రౌడల్ ఆమె స్వెటరు పట్టుకుని కిందికి లాగింది. "కూర్చోవే, నీకు దణ్ణం పెడతా!"

ఫెర్మూలెన్ ఇనెస్ వంక చూసింది. ఇనెస్ మొహం పాలిపోయింది. బోర్డు తెచ్చి అనెగ్రెట్ చేతిలో పెట్టింది. "నలభై ఏళ్ల అనుభవం కదా. చూసి నువ్వే చెప్పు."

అనెగ్రెట్ మెడలో తాడుకు వేలాడే భూతద్దం కంటికి పెట్టుకుంది. అంచు చూసింది, చక్కగా కోశారు. రంధ్రాలు చూసింది, లోపల రాగి సమంగా పట్టింది. అంత బాగున్నందుకు ఒళ్లు మండింది. మూలన మరమేకు రంధ్రం పక్కకు భూతద్దం జరిపింది.

అక్కడ ఆవగింజంత నత్త ఉంది.

రాగితో చేసిన నత్త. రెండు కొమ్ములు, వీపు మీద ఒకటిన్నర చుట్టు. పాత కార్ఖానాలో ఫోర్‌మన్ కళ్లు గప్పి, ఫిల్ము మీద ఖాళీ మూలన పద్దెనిమిదేళ్ల ఆ ఇద్దరు పిల్లలు పెట్టడం మొదలుపెట్టిన నత్త. మీరు నత్తల్లా పనిచేస్తారని అతను తిట్టిన రోజు మొదలైంది. ఈ రోజుకీ అనెగ్రెట్ కార్ఖానా నుంచి పోయే ప్రతి బోర్డు మీదా ట్రౌడల్ అదే నత్త పడేలా ఫిల్ము వేస్తుంది. లోకంలో మరెవ్వరూ వేయరు.

సంఘం సమావేశంలో ఆమె అందరినీ అడిగింది, తనను తప్ప.

నూరెంబర్గ్ డీలరు. ఆర్నెల్లు తిరక్కుండానే వచ్చిన ఆర్డరు. ఆరేళ్లుగా తను మెచ్చుకుంటున్న ఆ దూరపు మనిషి, రోజూ పొద్దున్నే తలెత్తి తిట్టుకుంటున్న మనిషే.

"ఏమంటారు?" అంది ఫెర్మూలెన్. కలం సిద్ధంగా ఉంది.

ఆ నత్త సంగతి తెలిసినవాళ్లు హాలులో ముగ్గురే. అవును, పరాయి సరుకే అని ఒక్క మాట అంటే ఇనెస్ పని అయిపోతుంది. అద్దాల హాలుకు మచ్చ పడుతుంది, పేపర్లో వస్తుంది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చిందని చెప్పకపోతే అబద్ధం చెప్పినట్టే. ఎంత తియ్యగా ఉందో కూడా చెప్పాలి. ఇనెస్ చేతులు కట్టుకుని నిలబడింది. ట్రౌడల్ స్వెటరు వదల్లేదు. ఆ చేతి వేళ్లు మందునీళ్లకు పసుపుపచ్చగా ఉన్నాయి. ఇనెస్ హాలు మూతపడితే సగం ఆర్డరు పోతుంది, ఆ చేతులకు పని పోతుంది.

"నాది" అంది అనెగ్రెట్.

"వినబడలేదండి."

"నాదండి! మా బోర్డు. ఈ కొండ కింద చేసింది."

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. తరవాత అందరూ నవ్వారు. అనెగ్రెట్‌కు తల తీసేసినట్టయింది.

ఫెర్మూలెన్ మాత్రం నవ్వలేదు. "మీ బోర్డును మీరే గుర్తుపట్టలేదా?"

"మా దగ్గర ఉన్నప్పుడు ఒట్టి పలకండి. ముస్తాబయ్యాక మేం చూడం. ఎవరింటికి పోతుందో మాకు చెప్పరు."

"మీకు అది ఎక్కడికి పోతుందో తెలీదు. అది ఎక్కడిదో మాకు తెలీదు" అంది ఫెర్మూలెన్, రాసుకుంటూనే. "అందుకే జాబితాలో లేదు. ఎంత దూరం మీ కార్ఖానా?"

ఆ గంటలో నలభై నిమిషాలు ఏటి పక్కనే గడిచాయి. ముగ్గురూ ముక్కులకు రుమాళ్లు అడ్డుపెట్టుకుని తొట్ల చుట్టూ తిరిగారు. ట్రౌడల్ ఒక్కొక్కటీ చూపించి, వచ్చే డిసెంబరుతో ఇవన్నీ ఆగిపోతాయని చెప్పింది. వాళ్ల కారు వెళ్లిపోయాక ఏటి గట్టు మీద అనెగ్రెట్, వెంట వచ్చిన ఇనెస్ ఇద్దరే మిగిలారు.

"ఎందుకు చేశావే ఇలా? డీలరు చాటున దాక్కుని..." అంది అనెగ్రెట్.

"నా పేరుతో వస్తే ఇచ్చేదానివా?"

"చచ్చినా ఇవ్వను."

"అందుకే. నీ మీద ప్రేమతో కొన్నాననుకోకు. నీ అంత బాగా చేసేవాళ్లు దొరక్క కొన్నాను. ఇవాళ నీ పేరు నా నోటితో చెబుదామనుకున్నా, అదీ చెప్పనివ్వలేదు."

"నాకు రెండేళ్ల నుంచి తెలుసు" అంది ట్రౌడల్ తలుపు దగ్గర నుంచి. "మా అల్లుడు అక్కడ స్టోరులో చేస్తాడు. చెబితే ఆర్డరు చింపేస్తావని చెప్పలేదు."

అనెగ్రెట్‌కు ఎవరిని తిట్టాలో తెలియక ఏటిని తిట్టింది.

ఏప్రిల్లో కొత్త జాబితా వచ్చింది. పదిహేడో వరసలో సర్క్యూట్ బోర్డులు. కింద ఒక షరతు: చేసేవారూ కొనేవారూ కలిసి అర్జీ పెట్టుకోవాలి, ఎవరి సరుకు ఎవరికి పోతోందో పేర్లతో రాయాలి. పదేళ్ల దాకా ఒకరినొకరు వదలకూడదు.

సంతకాలకు అనెగ్రెట్ కొండెక్కింది. ఇనెస్ కాగితం ఆమె ముందుకు జరిపింది. ఇద్దరి సంతకాలకూ ఒకే గీత ఉంది.

"ముందు నువ్వు చెయ్యి. కార్ఖానా నీది, తొట్లు నీవి" అంది ఇనెస్.

ఆ మాటకు అనెగ్రెట్ ఒళ్లు భగ్గుమంది. ముందు చోటు కూడా ఇది ఇస్తేనే రావాలా? ఉదారంగా ఉండే అవకాశం కూడా దీనికే ముందు దొరకాలా? లేచి పోదామనుకుంది. కింద తొట్ల దగ్గర ముప్పై ఒక్క మంది ఉన్నారు.

కలం తీసుకుంది. ఎప్పుడూ చిన్నగా గిలికే తన పేరును, అక్షరానికి అక్షరం విడదీసి, గీత చివరిదాకా వచ్చేలా పెద్దగా రాసింది. ఇనెస్‌కు వేలెడు చోటు కూడా మిగల్లేదు.