పై దవడ పన్ను

మా అక్క కూతురు బడి గేటు దగ్గర తల వంచుకుని నిలబడింది. గడ్డం పట్టుకుని పైకెత్తాను. చెంప ఉబ్బి నిగనిగలాడుతోంది, ఎడమ కన్ను సగం మూసుకుపోయింది. చెయ్యి వేస్తే కాలింది. ఆ బడిలో నేను ఆయాని. పిల్లల వాపులూ దెబ్బలూ రోజూ చూసేదాన్నే అయినా ఇలాంటిది ఎప్పుడూ చూడలేదు.

"ఎప్పట్నించే ఇది?"

"మొన్నట్నించి. అమ్మ ఇస్త్రీపెట్టెతో గుడ్డ వేడిచేసి కాపడం పెడుతోంది పిన్నీ. నీతో చెప్పొద్దంది. కొట్టు దగ్గర వేడికి ఉండలేక వచ్చేశాను."

అక్కా బావా ఇస్త్రీ కొట్టు నడుపుతారు. వాళ్ళ బతుకంతా వేడితోనే కాబట్టి ఇంట్లో ఏ నొప్పికైనా అదే మందు. నాతో ఎందుకు చెప్పొద్దందో నాకు తెలుసు. ఏడాదికి రెండుసార్లు పళ్ళ డాక్టరమ్మ బండి మా బడి ఆవరణలోకి వస్తుంది. దవడ పళ్ళు పుచ్చిపోకుండా వాటి గుంటల్లో ఏదో పూత వేసి, నీలం దీపం చూపించి గట్టిపరుస్తుంది. సూది ఉండదు, నొప్పి ఉండదు, డబ్బు అడగరు. సరిగ్గా ఆ రోజే మా అక్క కూతురికి జ్వరం వస్తుంది, సాయంత్రానికి తగ్గిపోతుంది. ఇదేం విడ్డూరమే అని నేను అరిస్తే అక్కది ఒకటే మాట.

"ఇవాళ పూతంటారు, రేపు పీకుతామంటారు. పై పన్ను పీకితే కన్ను పోతుంది. నాన్నకి పోలేదూ?"

నాన్నకి పోయిన మాట నిజం. అక్కడితో నా నోరు మూతపడేది. మా అక్క పట్టిన కుందేటికి ఎప్పుడూ మూడే కాళ్ళు.

ఈసారి బండి అనుకున్న రోజు కంటే ముందే వచ్చి ఆవరణలో ఆగి ఉంది. అక్కకి కబురు అందలేదు. పిల్లని చంకనేసుకుని తిన్నగా బండెక్కాను.

డాక్టరమ్మ ఎంత మొండి పిల్లనైనా నవ్వించే మనిషి. ఈ పిల్ల నోట్లోకి దీపం వేసి చూసి, కన్ను చూసి, నవ్వడం మానేసింది.

"పై పన్ను కింద చీము పట్టింది. కంటివైపు పాకుతోంది. ఇప్పుడే పన్ను తీసి చీము వదిలించాలి, వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి. తల్లి ఒప్పుకోనిదే ముట్టుకోను. పిలిపించండి."

"ఆగితే?"

"కన్ను పోవచ్చు. ఇంకా ఆగితే..." పిల్ల వింటోందని ఆపేసింది.

ఫోన్ చేశాను. అక్క పరుగున వచ్చి, బండెక్కుతూనే పిల్లని లాక్కుంది.

"ఎవరిచ్చారే నీకీ పెత్తనం? నా పిల్లని గుడ్డిదాన్ని చేద్దామనా? అమ్మా డాక్టరమ్మా, మా నాన్నకి ఇదే పన్ను పీకారు, కన్ను పోయింది. పిల్ల మీద చెయ్యి పడిందో, ఊరుకోను!"

డాక్టరమ్మకి కోపం రాలేదు. "ముందు పన్ను పీకారా, ముందు కన్ను మూసుకుపోయిందా?"

అక్క నా వైపు తిరిగింది.

నాకు మంచం మీద కూర్చున్న నాన్న గుర్తొచ్చాడు. మూసుకుపోయిన కన్ను. పెనం మీద ఉప్పు మూట. ఆ తర్వాతెప్పుడో ఆసుపత్రి, పన్ను పీకడం. కాకి వాలింది, తాటిపండు రాలింది, నేరమంతా కాకి మీదికి పోయింది.

"ముందే మూసుకుపోయిందక్కా. ఆసుపత్రికి తీసుకెళ్ళేనాటికే నాన్న కన్ను తెరవలేకపోయాడు. మనిద్దరం వంతులేసుకుని కాపడం పెట్టలేదూ?"

"కాపడం..." అంది అక్క.

"పైనుంచి వేడి పెడితే చీము ఇంకా పాకుతుందమ్మా," అంది డాక్టరమ్మ మెల్లగా.

అక్క తన చేతుల వంక చూసుకుంది. నాకు జాలేసింది, అంతకంటే ఎక్కువ భయమేసింది. అప్పుడు నేను చిన్నపిల్లని. నాకు గుర్తున్నది తప్పయితే? ఈ పిల్ల కన్ను పోతే, జన్మంతా అక్క ముఖం ఎలా చూడను?

"తీసెయ్యండి," అంది అక్క. అది ఆవిడ గొంతులాగే లేదు.

మమ్మల్ని బయట మెట్ల మీద కూర్చోబెట్టారు. లోపల పిల్ల కెవ్వుమంది. తర్వాత చప్పుడే లేదు. ఆ కేకే నయమనిపించింది.

తలుపు తెరుచుకుంది. "చీము వచ్చేసింది. ఆసుపత్రి బండి బయల్దేరింది. అక్కడ సూదిమందులు పడాలి," అంది డాక్టరమ్మ.

"కన్ను?" అంది అక్క.

పిల్ల ఎడమ కన్ను ఇప్పుడు పూర్తిగా మూసుకుపోయి ఉంది. అది చూసి అక్క నా మణికట్టు పట్టుకుంది. గోళ్ళు దిగాయి. డాక్టరమ్మ పిల్ల మంచి కంటిని అరచేత్తో కప్పి, ఉబ్బిన రెప్పని రెండు వేళ్ళతో మెల్లగా పైకి తీసింది.

"ఏం కనిపిస్తోంది తల్లీ?"

పిల్ల పలకలేదు. మళ్ళీ అడిగింది. పలకలేదు. నేనే చేశాను, నేనే చేశాను అనుకుంటున్నాను.

పిల్ల నోట్లో దూదితోనే నసిగింది. "అమ్మ చెప్పులు..."

"చెప్పులకేమైందమ్మా?"

"ఒకటి అమ్మది. ఒకటి నాన్నది."

అందరం కిందికి చూశాం. నిజమే. ఒక కాలికి తన చెప్పు, రెండో కాలికి బావ చెప్పు, అదీ మడమ దాటి బెత్తెడు పొడుగ్గా.

అక్క అక్కడే కూలబడి, బడంతా వినపడేలా ఏడ్చింది. ఏడుస్తూనే నా వైపు తిరిగి కసిరింది.

"గుడ్లప్పగించి చూస్తావేమే? మిగతా పళ్ళకి ఆ పూత ఎప్పుడేస్తారో అడుగు!"