మేజర్‌కు పట్టిన గొర్ల పిచ్చి

మేజర్ ఆ పొద్దున కూడా రోజారాణిని ఈడ్చి పడేశాడు. గౌడవెల్లి శివార్లో వెంచర్ల మధ్య మట్టిదారిలో బుద్ధిగా నడుస్తున్నవాడు కాస్తా, మలుపులో గొర్ల మంద కనబడగానే ఒక్క గుంజు గుంజాడు. ఆమె మోకాళ్ళ మీద పడింది. తాడు మాత్రం వదల్లేదు. వదిలితే ఉద్యోగం మాట అటుంచి, ఆ మంద సొంత మామది, ఇంట్లో కూడు కూడా పుట్టదు.

"మల్లా తెచ్చినవా గా సైతాన్‌ను?" మంద వెనక నుంచి మొగులయ్య కేకేశాడు. "పొద్దుగాల్నే నా గొర్లను బెదిరిచ్చుడేనా నీ నౌకరి? సూడి గొర్లున్నయే బిడ్డా, ఉరికితే కడుపులు వోతయ్!"

"జర ఆగు మామా, పట్టుకున్న గదా!"

"నువ్వు వాణ్ని పట్టుకున్నవా, వాడు నిన్ను పట్టుకున్నడా?"

రోజారాణి లేచి, మోకాళ్ళకంటిన మట్టి దులుపుకుని, మేజర్‌ను వెనక్కి లాక్కుంటూ పోయింది. ఒళ్ళు హూనమైపోయింది. ఇంకా తెల్లారి ఎంతోసేపు కాలేదు.

మేజర్ అంటే ఆషామాషీ కుక్క కాదు. అసలు రోజారాణి ముందు కుక్క అనకూడదు, ముఖం మాడ్చుకుంటుంది. మందుగుండు వాసన పసిగట్టే పనికి తయారవుతున్న నల్ల లాబ్రడార్ వాడు. సంచుల గుట్టలో ఎక్కడో చిటికెడు మందు దాచినా, నేరుగా వెళ్ళి దాని ముందు కూర్చునేవాడు. దుండిగల్ నుంచి లేచిన శిక్షణ విమానాలు నెత్తి మీద గింగిరాలు కొట్టినా చెవి కదిపేవాడు కాదు. బర్రెలు ఒళ్ళు రాసుకుంటూ పోయినా, మేకలు ముక్కు ముందే ఆకులు నమిలినా, కోళ్ళు కాళ్ళ సందుల్లో తిరిగినా మహానుభావుడికి పట్టేది కాదు. గొర్రె కనబడిందా, ఇక అంతే సంగతులు. చదివిన చదువంతా గంగలో కలిసిపోయేది.

రాఘవేందర్ సారు నడిపే కుక్కల శిక్షణ షెడ్లో రోజారాణి మొదట ఊడ్చి కడిగే పనికి చేరింది. కుక్కలు ఆమె మాట వింటున్నాయని సారే ఒకనాడు తాడు చేతికిచ్చాడు. చీపురు మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఇంట్లో వంట, షెడ్లో ఊడ్పు, కుక్కలతో నడక, మళ్ళీ ఇంట్లో వంట. భర్త వీరేందర్ మేడ్చల్‌లో ఫ్యాక్టరీ షిఫ్టు దిగివచ్చి మంచమెక్కేవాడు. ఆమెకు కాళ్ళు చాపుకునే యోగం కూడా ఉండేది కాదు.

మేజర్‌ను మాత్రం చేతులారా పెంచింది. తల్లిపాలు మరవని కూనను తెచ్చి షెడ్లో పడేస్తే, చలికి వణుకుతూ గొంతు పోయేలా ఏడ్చాడు. సారు పరిచిన ప్లాస్టిక్ పట్టా మీద పడుకోనే లేదు. రోజారాణికి ప్రాణం ఉసూరుమంది. ఇంటికి పోయి, మొగులయ్య వాడి వాడి పక్కన పడేసిన పాత నల్ల గొంగడి తెచ్చి, మడతలు వేసి దాని మీద పడుకోబెట్టింది. వాళ్ళ కురుమ ఇళ్ళల్లో పుట్టిన పిల్లను మొదట వేసేది గొంగడి మీదే. ఆమె పిల్లలిద్దరూ అలాగే పెరిగారు. ఏడ్చే కూన కనబడితే గొంగడి వేయాలా వద్దా అని ఆలోచించేదేముంది? మేజర్ ఏడుపు ఆపేశాడు. పెద్దవాడయ్యాక కూడా పడుకునే ముందు దాని మీద గుండ్రంగా తిరిగి, ముందుకాళ్ళతో పిసికి, ముక్కు మడతలో దూర్చుకుని గానీ కన్ను మూసేవాడు కాదు.

ఆ పొద్దున షెడ్డుకు తిరిగొచ్చేసరికి రాఘవేందర్ గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. ఆమె చీరకంటిన మట్టి చూడగానే ఆయనకు సంగతి అర్థమైపోయింది.

"రోజమ్మా, సాఫ్ సాఫ్ జెప్తున్న. అలియాబాద్ గోదాములకు కుక్క గావాల్నని శ్రీలేఖ మేడం వస్తాంది. గోదాముల చుట్టు కాపలా తిరిగే దారిల రోజూ మందలు వోతుంటయ్. గొర్రెను జూస్తే ఉరికేటోణ్ని నేనెట్ల ఇయ్యాలె?"

"నేర్పుత సార్. జర టైమియ్యుండ్రి."

"ఆమె వచ్చేదాంక టైముంది. అప్పటికీ గిట్లనే ఉంటే, ఇగ శామీర్‌పేట ఫామ్‌హౌసే. నాకు మాత్రం ఇష్టమా చెప్పు?"

ఫామ్‌హౌస్ అనగానే ఆమె తాడును చేతికి ఇంకో చుట్టు చుట్టుకుంది. పరీక్ష తప్పిన సుల్తాన్‌ను సారు అక్కడికే ఇచ్చేశాడు. ఒకసారి అటు పనిమీద పోయినప్పుడు చూసింది. స్తంభానికి గొలుసుతో కట్టేసి ఉన్నాడు. గొలుసు అందినంత మేర నేల గుండ్రంగా అరిగిపోయి గడ్డిపరక లేదు. పేరు పెట్టి పిలిస్తే కళ్ళు తెరిచి చూశాడే గానీ లేవలేదు. మేజర్‌ను ఆ గొలుసుకు కట్టనివ్వకూడదు. ఆమెకు అదొక్కటే పట్టుకుంది.

ఇక మొదలయ్యాయి తిప్పలు. దూరం నుంచి మందను చూపించడం, వాడు చెవులు నిక్కించగానే "నా దిక్కు" అనడం, తల తన వైపు తిప్పితే ఉడికించిన కోడి కార్జం ముక్క పెట్టడం, తిప్పకపోతే వెనక్కి నడిచి మళ్ళీ మొదలుపెట్టడం. సారు నేర్పిన పద్ధతి అదే. మిగతా కుక్కలన్నీ అలాగే దారికొచ్చాయి. మొగులయ్యను బతిమాలి, వెంచర్ హద్దురాళ్ళ మధ్య మందను నిలబెట్టించింది.

"నా గొర్లు మేసుడా, నీ కుక్కకు బడి జెప్పుడా?" అని ఆయన సణిగేవాడు. అయినా నిలబెట్టేవాడు.

దూరం ఉన్నంతసేపూ మేజర్ ముత్యంలా మాట వినేవాడు. గాలి మందవైపు నుంచి వీచిందంటే చాలు, కార్జం ముక్కను ఎవరో ఉమ్మేసినదాన్ని చూసినట్టు చూసి, తాడు తెగేలా గుంజేవాడు. ఆమె భుజం వాచిపోయింది. రాత్రి పిల్లలకు అన్నం కలపడానికి చెయ్యి లేచేది కాదు.

"నెత్తురు మరిగిండే పిల్లా వాడు," అంది అత్త కమలాబాయి, భుజానికి నూనె రాస్తూ. "మరిగినంక ఇగ దానికి మందు లేదు."

"ఎన్నడన్న ఒక్క గొర్రెను కొరికిండా అత్తమ్మా?"

"కొరికేదాంక సూస్తవా?"

రోజారాణికి ఒళ్ళు మండింది. కానీ ఆ మాట లోపల ఎక్కడో దిగబడిపోయింది. మరునాడు తాడు పట్టుకున్నప్పుడు మొదటిసారి మేజర్ పళ్ళ వైపు చూసింది. అలా చూసినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ముసురు పట్టిన ఒక పూట, జరగకూడనిది జరగనే జరిగింది. తడిసిన తాడు చేతిలోంచి జారిపోయింది. మేజర్ బాణంలా పోయి మందలో పడ్డాడు. గొర్లు చెల్లాచెదరయ్యాయి. మొగులయ్య తిట్లు లంకించుకుని కర్రెత్తాడు. "కొట్టకు మామా, కొట్టకు!" అని అరుస్తూ రోజారాణి బురదలో పడుతూ లేస్తూ ఉరికింది.

మేజర్ ఎవరినీ కరవలేదు. మూలకు ఒదిగి నిలబడిన ఒక ముసలి గొర్రె దగ్గరికి పోయి, దాని పక్కన గుండ్రంగా తిరిగి, బురదను ముందుకాళ్ళతో పిసికి, దాని తడిబొచ్చులో ముక్కు దూర్చి పడుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. ఎత్తిన కర్ర ఎత్తినట్టే ఉండిపోయింది.

"ఇదేం కుక్కనే?" అన్నాడు మొగులయ్య. ఆయన గొంతులో కోపం ఎటో పోయింది.

రోజారాణి నిలబడిపోయింది. ఆ తిరగడం, ఆ పిసకడం, ఆ ముక్కు దూర్చడం రోజూ షెడ్లో చూసేదే. ముసురుకు మామ నెత్తి మీద కప్పుకున్న గొంగడి వైపు చూసింది. ఆ గొర్ల బొచ్చుతో నేసిందే అది. సబ్బు తాకనివ్వరు, ఎన్నేళ్ళయినా దాని వాసన పోదు.

"గొంగడి మామా," అంది. "వాడు పండేది నీ గొంగడి మీదనే. గొర్ల వాసనంటే వానికి పక్క వాసన."

మొగులయ్య భుజం మీది గొంగడి కొస ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చాడు. "ఏం వాసనే? నాకేం రాదే."

"మనకెట్లొస్తది మామా? ఇల్లంత గదే వాసన. మనకు తెల్వది."

సారుకు చెబితే ఆయన నెత్తి పట్టుకున్నాడు. షెడ్డంతా ఫినాయిల్ కంపు, ఇక గొంగడి వాసన ఎవరికి తెలుస్తుంది? ఆ సాయంత్రమే రోజారాణి గొంగడి తీసి మామకు ఇచ్చేసింది. దాని చోట కొత్త దుప్పటి పరిచింది. మేజర్ దాన్ని ముట్టలేదు. సిమెంటు నేల మీద ఆ మూలే తిరిగి తిరిగి, గోకి గోకి, చివరికి కూనగా ఉన్నప్పటి గొంతుతో ఏడ్చాడు. ఆమె గేటు వేసి ఇంటికి నడుస్తుంటే ఆ ఏడుపు సగం దారి దాకా వెంటవచ్చింది. అన్నం కూడా మానేశాడు. ఆమె ముద్దలు చేసి నోటికందిస్తే ఆమె కోసమన్నట్టు రెండు తిని ఊరుకునేవాడు.

"నీకు మంచం లేకుంట జేసిన్నా కొడకా?" అని మెడ నిమిరేది. "జర ఓర్చుకో. గొలుసు కన్న నయమే."

నడకలు మాత్రం ఆపలేదు. దూరం, గాలి, కార్జం ముక్క, నా దిక్కు. వానలో, ఎండలో, జ్వరం తగిలిన రోజున కూడా. మెల్లమెల్లగా మేజర్ గుంజడం తగ్గింది. తర్వాత చెవులు నిక్కించడం తగ్గింది. మంద పక్కనుంచి పోతున్నా ఆమె ముఖంలోకే చూస్తూ నడిచే రోజొచ్చింది. అనుకున్నది సాధించిన ఆనందం ఆమెకు కలగాల్సింది. కలగలేదు. మంచి నిద్ర దొరికితే చాలనిపించింది.

శ్రీలేఖ వచ్చిన రోజు సన్నగా తుంపర పడుతోంది. గొడుగు పట్టుకుని మట్టిదారిలో వాళ్ళ వెంట నడిచింది.

"ఏమండీ రోజారాణి గారూ, గొర్రెల్ని చూస్తే పరిగెడతాడని విన్నాను, నిజమేనా?"

"ఉరికేటోడు మేడం. ఇప్పుడు ఉరకడు."

మలుపులో మంద ఎదురైంది. మేజర్ తల తిప్పలేదు. గొర్లు తాడుకు రాసుకుంటూ పోయాయి, వాడు తన నడక తాను నడిచాడు. శ్రీలేఖ తృప్తిగా తలూపింది. మంద అయిపోయి చివర మొగులయ్య వచ్చాడు. ఆయన నెత్తి మీద ఉన్నదాన్ని రోజారాణి చూడగానే గుర్తుపట్టింది. మేజర్ పాత గొంగడి. కొత్తది ఆ పొద్దున పుట్టిన గొర్రెపిల్లల మీద కప్పి, చేతికందింది కప్పుకొచ్చాడు పెద్దాయన.

మేజర్ ఆగిపోయాడు. ముక్కు పైకి లేచింది. ఒళ్ళంతా సన్నగా వణికింది. తాడు వదులుగానే ఉంది, గుంజలేదు. తల తిప్పి ఆమె ముఖంలోకి చూశాడు. పోనా అని అడిగాడు. ఎన్ని నెలలు పెంచిందో, ఆ చూపు ఆమెకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? రాఘవేందర్ చూస్తున్నాడు. శ్రీలేఖ చూస్తోంది. గడ్డిపరక లేని ఆ గుండ్రటి నేల కూడా రోజారాణి కళ్ళ ముందు మెదిలింది.

"నా దిక్కు," అంది.

మేజర్ గొంగడి మీది నుంచి ముక్కు తిప్పుకున్నాడు. ఆమె కార్జం ముక్క ఇస్తే వాసన చూసి వదిలేశాడు. ఆమె పక్కన నడక మొదలుపెట్టాడు.

"భలే నేర్పారండీ!" అంది శ్రీలేఖ. "కళ్ళు మీ మీద నుంచి తిప్పట్లేదు చూడండి."

మధ్యాహ్నానికల్లా మేజర్‌ను వ్యానెక్కించారు. ఎక్కమంటే ఎక్కాడు, కూర్చోమంటే కూర్చున్నాడు. వ్యాను అలియాబాద్ దారి పట్టి మలుపు తిరిగేదాకా రోజారాణి గేటు దగ్గరే నిలబడింది. మందను దొడ్లో తోలి వచ్చిన మొగులయ్య ఆమె పక్కన చేరాడు.

"ఒక్కపారి నా దిక్కు రానిస్తే ఏమయితుండెనే? జర వాసన సూస్కొని పోయేటోడు."

"మల్లా మొదటికొస్తుండె మామా. గొలుసుకు కడ్తుండ్రి."

ముసలాయన, తుంపరకు తడుస్తోందని తన నెత్తి మీది గొంగడి తీసి కోడలి మీద కప్పి, దొడ్డి వైపు వెళ్ళిపోయాడు. రోజారాణి దాని కొస ముఖానికి దగ్గరగా లాక్కుని పీల్చింది. గొర్ల వాసన ఆమె ముక్కుకు ఎప్పటిలాగే తెలియలేదు. తడిసిన మడతల్లోంచి మేజర్ వాసన మాత్రం గుప్పుమంది. ఖాళీ తాడు చేతికి చుట్టుకుని, గేటు పక్క హద్దురాయి మీద కూలబడి, గొంగడిలో ముఖం దూర్చుకుని ఏడ్చింది.