హన్నెలోరె రెండు కాళ్లు

చేపల చెరువుకి అటు గట్టున నాన్నమ్మ హన్నె ఇల్లు, ఇటు గట్టున అమ్మమ్మ లోరె ఇల్లు. చెరువు కొసన, ఇద్దరికీ మధ్యలో, పిల్ల ఇల్లు. పొద్దున్నే హన్నె ఆవుకి గడ్డి వేసి, చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి "హన్నే!" అని కేక పెట్టేది. సరిగ్గా ఆ వేళకే లోరె కూడా పొయ్యిలోంచి రొట్టె తీసి "లోరే!" అని పిలిచేది. వాకిట్లో ఆడుకుంటున్న నాలుగేళ్ల హన్నెలోరె కుడికాలు నాన్నమ్మ వైపు, ఎడమకాలు అమ్మమ్మ వైపు బయల్దేరేవి. పిల్ల ఉన్నచోటే బొంగరంలా తిరిగేది. పోస్టుమాన్ సైకిల్ దిగి, పిల్లకి తగలకుండా పక్కనుంచి నడిపించుకుపోయేవాడు. ఊళ్లో ఎవరికీ అది వింతగా తోచలేదు. రెండు పేర్లు అతికించాక కాళ్లు మాత్రం ఒకరి మాట ఎందుకు వింటాయి?

తప్పంతా కన్నవాళ్లది. మొదటి ఆడపిల్లకి బాప్తిస్మమప్పుడు ఎత్తుకున్నావిడ పేరే పెట్టడం ఆ ఊరి ఆనవాయితీ. పిల్లని నువ్వే ఎత్తుకోవాలని తండ్రి కొన్రాడ్ వాళ్లమ్మ హన్నెకి మాటిచ్చాడు, తల్లి బాబెట్టె వాళ్లమ్మ లోరెకి మాటిచ్చింది. మొగుడూపెళ్లాలు ఒకరికొకరు చెప్పుకుంటే కదా! వియ్యపురాళ్లిద్దరూ నల్ల పట్టుబట్టలు కట్టుకుని, పిల్లకి కానుకగా తమ తమ పేర్లు చెక్కించిన వెండి చెంచాలతో గుడికి వచ్చి నిలబడ్డారు. పాస్టరుగారు అటు చూశారు, ఇటు చూశారు. భోజనాల వేళ దాటిపోతోందని "హన్నెలోరె" అంటూ నీళ్లు చల్లేశారు.

అంతటితో ఆగినా బాగుండేది. భోజనాల దగ్గర పేరుకి అర్థమేమిటని ఎవరో అడిగారు.

"హన్నె అంటే యోహన్నా. హెబ్రీ మాట. దేవుడు దయగలవాడని అర్థం," అన్నారు పాస్టరుగారు.

"మరి నాది?" అంది లోరె.

"లోరె అంటే ఎలియనోరె. ఎప్పుడో ఫ్రాన్సు దక్షిణాన రాణులు పెట్టుకున్న పేరు. అర్థం మాత్రం పండితులకే తేలలేదమ్మా."

హన్నెకి అది చాలు. "మా వదినగారిది అర్థంలేని పేరట," అని చేపముక్క కొరుకుతూ టేబులంతటికీ వినిపించేలా అంది.

"రాణుల పేరుకి అర్థం దేనికి? పాలు పితుక్కునేవాళ్లకి కావాలి గానీ," అంది లోరె.

ఆనాటి నుంచి ఒకరి పేరు ఇంకొకరి నోట రాలేదు. పిల్లని కూడా ఎవరి సగం వాళ్లే పిలుచుకున్నారు. "పూర్తి పేరు పెట్టి పిలవండమ్మా, మీకు పుణ్యముంటుంది. నేను పిలిస్తే చక్కగానే నడుస్తుందిగా," అని బాబెట్టె మొత్తుకునేది. వింటే ఒట్టు.

ఆ చలికాలం చెరువు గడ్డకట్టింది. చేపలకి గాలి ఆడాలని మంచు మధ్యలో కంత కొట్టి, అందులో రెల్లు కట్ట నిలబెట్టారు. ఒకరోజు పిల్ల నాన్నమ్మ ఇంట్లో ఉంది. లోరె రేగిపళ్ల కేకు చేసి, గట్టు మీదికొచ్చి, ఎప్పట్లాగే "లోరే!" అని పిలిచింది.

ఎడమకాలికి గట్టు చుట్టూ తిరిగి రావాలనే బుద్ధెక్కడిది? తిన్నగా మంచు మీదికి దిగింది. కుడికాలిని ఈడ్చుకుంటూ పోయింది. హన్నె చూసి "హన్నే!" అని అరిచింది. కుడికాలు వెనక్కి తిరిగింది. రెల్లు కట్ట పక్కన, కంతకి జానెడు దూరంలో, కాళ్లు చెరోవైపు జారుతుంటే పిల్ల ఆగిపోయింది. మంచు కిర్రుమంది.

"నేనెటు రావాలి?" అంది పిల్ల ఏడుపు గొంతుతో.

హన్నె మంచు మీద కాలు పెట్టబోయింది.

"దిగకు వదినా!" లోరె ఇవతలి నుంచి కేకేసింది. "మన బరువుకి పగిలిపోతుంది. నావైపు ఊటనీళ్లు, ఇక్కడ మంచు అప్పడంలా ఉంటుంది. నీవైపే గట్టిది. నువ్వే పిలు."

"పిలిచాగా. ఒక్క కాలే వస్తోంది."

"నా పేరు కూడా కలిపి పిలు."

లోరె ఆ మాట అని, తను పొరపాటున కూడా పిలవకుండా రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. అవతల హన్నె నోరు తెరిచింది. నాలుగేళ్లుగా ఆ పేరు పలికి ఎరగదు. మంచు ఇంకోసారి కిర్రుమంది.

"హన్నె... లోరే! రామ్మా, హన్నెలోరే!"

రెండు కాళ్లూ ఒక్కసారే తిరిగాయి. ఒకదాని వెనక ఒకటి, పాలకెళ్లే పిల్లలా బుద్ధిగా నడిచి, పిల్ల గట్టెక్కింది. హన్నె దాన్ని గుండెకి అదుముకుంది. ఇవతల లోరె "అమ్మయ్య" అంటూ గట్టు మీది మంచులోనే చతికిలబడి, తనివితీరా ఏడ్చింది. కాసేపటికి ఎవరో భుజం తట్టారు. హన్నె చెరువు చుట్టూ తిరిగొచ్చి, పిల్లని ఆవిడ ఒళ్లో పెట్టింది.

ఆదివారం గుడి మెట్ల మీద పాస్టరుగారు లోరెని ఆపారు. "మీ పేరు గురించి ఇంకో పుస్తకం తెప్పించానమ్మా. అందులోనూ తేల్చలేదు."

"ఇక వెతక్కండి పాస్టరుగారూ," అంది వెనకనుంచి హన్నె. "లోరె అంటే, నోరు మూసుకుని బిడ్డని బతికించుకున్నది అని అర్థం."

లోరె మొహం ఎర్రబడింది. శాలువా సర్దుకుంది. "మా ఇంట్లో వండిన చేప చల్లారిపోతోంది," అంది. "పద, హన్నె వదినా."