ఓడలో ఐదో మనిషి

ఓడ ఎక్కి ముప్పావుగంటైనా కాలేదు, ఆమె మామగారి మేజోళ్ళకు జతలు కలుపుతూ కూచుంది. పెళ్ళి సంబంధాలు చూసేవాళ్ళు మనుషుల్ని ఒక్కసారి జత కలిపి చేతులు దులుపుకుంటారు. మేజోళ్ళను మాత్రం రోజూ కలపాలి.

"అక్కడ నీకు చీపురుపుల్ల కదిపే పనుండదోయ్! వంట ఓడవాళ్ళే, పక్కలు వాళ్ళే. నువ్వు మహారాణివి!" అన్నాడు భర్త, టిక్కెట్లు తీసుకున్న రోజు. నిజమే, వంట ఓడవాళ్ళదే. కానీ మామగారి బీపీ మాత్రలు, అత్తగారి మోకాళ్ళ నూనె, కూతురి ఈత దుస్తులు, మొగుడుగారి మూడు చార్జర్లు ఏ సంచిలో ఏ మూల ఉన్నాయో ఓడవాళ్ళకేం తెలుసు? బడిలో లెక్కలు చెప్పే మనిషికి ఇంట్లో లెక్కలేనంత చాకిరీ. పాస్‌పోర్టులు దాచేదీ తనే, సపోర్టుగా నిలబడేదీ తనే. ఏమేం సర్దాలో అత్తగారు నెల్లాళ్ళుగా సెలవిస్తూనే ఉన్నారు. సెలవు మాత్రం ఇవ్వలేదు.

పొద్దున రేవును ఆమె గుర్తుపట్టలేకపోయింది. పెళ్ళైన కొత్తలో ఇది ముక్కు మూసుకుని దాటాల్సిన చోటు. తుప్పు క్రేన్లు, కుళ్ళిన తాళ్ళు, అద్దాలు పగిలిన గోదాములు. ఇప్పుడు క్రేన్లకు పసుపు రంగు, గోదాముల్లో కాఫీ కొట్లు, ఫొటోలు దిగే జంటలు. "ఎంత మారిపోయిందో!" అన్నారు అత్తగారు. "పట్టించుకునేవాళ్ళుంటే ఏదైనా మారుతుంది" అన్నారు మామగారు. ఆ మాట అప్పట్నుంచీ ఆమెకు చెప్పులో రాయిలా గుచ్చుకుంటూనే ఉంది. రేకులకీ ఇటుకలకీ కొత్త బతుకు వచ్చిందే, తనకేం తక్కువ? కూచోబుద్ధి కాలేదు, నుంచోబుద్ధి కాలేదు.

గదిలోకొచ్చాక తెలిసింది, తక్కువైంది మంచం. నాలుగు మంచాలు, బాత్రూం తలుపు పక్కన ఒక సోఫా. ఆమె చూపు సోఫా మీద పడకముందే భర్త తేల్చేశాడు. "నువ్వెలాగూ అందరికన్నా ఆఖర్న పడుకుని ముందు లేస్తావ్. నీకది చాల్లే."

అంతలో సైరన్ మోగింది.

"ప్రమాదం వస్తే ఏం చెయ్యాలో నేర్పుతారట, అందరూ కింద హాల్లోకి రావాలట" అంది కూతురు.

"మేం వెళ్ళి వింటాంలే, నువ్వు సర్దుతూ ఉండు" అన్నాడు భర్త. నలుగురూ వెళ్ళిపోయారు.

ఆమెకు నవ్వొచ్చింది. అంటే ఓడ మునిగినా తను సర్దుకుపోవాలన్నమాట!

పావుగంట తర్వాత గోడలోని మైకు పలికింది. "ఆరువందల పద్నాలుగో గదిలోని ఐదో ప్రయాణికురాలు దయచేసి హాలుకు రండి. మీరు వచ్చేదాకా ఓడ కదలదు."

చేతిలోని మేజోడు జారిపోయింది. మీరు వచ్చేదాకా ఓడ కదలదు. ఇరవై రెండేళ్ళలో తనకోసం కారు ఆగింది లేదు, హారన్ తప్ప. భోజనం ఆగింది లేదు, చల్లారిన అన్నం తప్ప. ఇప్పుడు మూడువేలమందితో పన్నెండంతస్తుల ఓడ తనకోసం ఆగిపోయింది. ఆమె పరిగెత్తలేదు. మొహం కడుక్కుంది, జడ అల్లుకుంది, అప్పుడు తలుపు వేసింది.

"ఎక్కడ చచ్చావ్? నీ మూలాన పరువు పోయింది!" హాల్లో భర్త పళ్ళ బిగువున అన్నాడు.

యూనిఫాం వేసుకున్న అధికారిణి ఆమె గది కార్డు చూసి నొచ్చుకుంది. "మీవారు 'నలుగురం, అందరం వచ్చేశాం' అన్నారమ్మా. మా జాబితాలో ఐదుగురున్నారు. అందుకే పిలిపించాం."

"పిలిచి మంచి పని చేశారు. ఒక్క మనిషికి వేరే గది ఏమైనా దొరుకుతుందా అండీ?"

"ఎవరికే?" అన్నారు అత్తగారు.

అధికారిణి చేతిలోని తెర మీద వెతికింది. "కింది అంతస్తులో ఒకటుంది. చిన్నది. కిటికీ ఉండదు, ఒక్కటే మంచం."

"మంచమైతే ఉందిగా. ఇప్పించండి." తన జీతం కార్డు తీసి ముందు పెట్టింది.

"నీకేమైనా మతిపోయిందా? మరి నాన్న మందులో?" అన్నాడు భర్త.

"నీలం సంచి, పక్క జేబు. తిన్నాక ఒకటి."

అధికారిణి ఇద్దర్నీ చూసి గొంతు సవరించుకుంది. "మరి ఆరువందల పద్నాలుగులో ఎంతమందని రాసుకోమంటారు?"

"నలుగురనే రాసుకోండి" అందామె. "మావారు సరిగ్గానే చెప్పారు."