తాళంచెవి లేని తొమ్మిదేళ్ళు

నేను ఒక సలహాల పెట్టెను. అడుగు ఊడిపోయి, ఒక పక్క పగిలి, జీడిపేట శాఖా గ్రంథాలయం వెనక విరిగిన బెంచీల మీద ఈ మధ్యాహ్నం దాకా పడి ఉన్నాను. నన్ను చూసి అయ్యో అనకండి. జాలి నాకు గిట్టదు. ఒక మనిషి మీద పగబట్టి తొమ్మిదేళ్ళు గోడకు వేలాడినదాన్ని. ఆ పగ ఎలా పుట్టిందో, ఎలా తీర్చుకున్నానో చెబుతాను. వింటూ వింటూ నన్ను మంచిదాన్నని మాత్రం అనుకోకండి.

నా పుట్టుక గొప్పదే. ఈ గ్రంథాలయంలోనే ఒకప్పుడు పాత టేకు బీరువా ఉండేది. దాని తలుపులు కోసి నన్ను చేశాడు వడ్రంగి సన్యాసాచారి. పైన చీటీ దూరేంత సందు, ముందు చిన్న తలుపు, దానికి ఇత్తడి తాళం. అడుగు చెక్కను నాలుగు మేకులతో బిగించి, అరచేత్తో తట్టి, "నువ్వొదిలితే తప్ప ఈ మేకులు ఊడవే తల్లీ" అన్నాడు. నా నుదుటి మీద తెల్లరంగుతో 'సలహాలు' అని రాయించారు. ఆ రంగు ఆరేలోపు నా అంత గర్విష్ఠి ఆ ఊళ్ళో లేదు.

నవంబరులో గ్రంథాలయ వారోత్సవాల మొదటి రోజున నన్ను వరండా గోడకు, వాకిలి పక్కనే, పిల్లలు బెంచీ ఎక్కితే అందేంత ఎత్తులో తగిలించారు. ఈ వారోత్సవాల సంగతి మీకు తెలిసిందే. వేదిక, దండలు, శాలువా, మాట్లాడేవాళ్ళు ఎనిమిది మంది, ఎండలో కూర్చోబెట్టిన బడిపిల్లలు. గ్రంథాలయాధికారి దాలినాయుడు గారు నా తాళంచెవిని ఇత్తడి పళ్ళెంలో పూలు పరిచి, తమలపాకు మీద పెట్టి ముఖ్య అతిథికి అందించారు. అతిథి గారు తాళం వేశారు. చప్పట్లు మోగాయి. ఆయన తాళంచెవిని జేబులో వేసుకున్నారు, శాలువా కప్పించుకున్నారు, ఉపన్యాసం ఇచ్చారు, కారెక్కి వెళ్ళిపోయారు.

మళ్ళీ రాలేదు. తాళంచెవీ రాలేదు.

వరండా ఊడ్చే అటెండరు అప్పయ్యమ్మ మర్నాడే అడిగింది. "బాబూ, ఆ పెట్టి తాళంసెవి ఆ బాబుగారి జేబులోనే ఉండిపోనాది. ఒకపాలి ఫోన్ సేసి అడగరాదా?"

"అంత పెద్దమనిషిని పట్టుకుని తాళంచెవి అడగమంటావేటి? నీకు మతుందా?" అన్నారు దాలినాయుడు గారు.

పోనీ, పగలగొట్టొచ్చు కదా? కుదరదు. నేను ప్రభుత్వ ఆస్తిని. నన్ను పగలగొట్టడానికి అనుమతి కోరుతూ జిల్లా కార్యాలయానికి ఆయన ఉత్తరం రాశారు. జవాబు రాలేదు. జవాబు రానంతకాలం తన తప్పేమీ లేదని ఆయన నమ్మకం. ఆ నమ్మకంతో ఆయన హాయిగా నిద్రపోయారు.

నేను మాత్రం మింగుతూనే ఉన్నాను. పిల్లలు నా కింద నిలబడి, కాగితం గోడకానించి, రాసేది పైకి చదువుకుంటూ రాసేవారు. అలా ప్రతి చీటీ నాకు తెలుసు. 'వానాకాలంలో కథల రోజు పెట్టండి. దెయ్యం కథలైతే మంచిది.' 'చలికాలం పొద్దున్న లోపల వణుకొస్తోంది, బయట ఎండలో చాపలు వేయండి.' 'చేతిరాత పోటీ వద్దు. చదరంగం పోటీ పెట్టండి. నా రాత బాగోదు.' మీసాలు మొలుస్తున్న కుర్రాడొకడు అటూ ఇటూ చూసి రాశాడు, 'పది పాసయ్యాక ఏం చదవాలో తెలిసినవాళ్ళని పిలిపించండి. మా ఇంట్లో ఎవరికీ తెలీదు.' ఇంకొకడు రాశాడు, 'నాయుడు గారు కేకలెయ్యని రోజు ఒకటి పెట్టండి.' అది మింగినప్పుడు నాకు తియ్యగా ఉంది.

ఏటా మార్చిలో దాలినాయుడు గారు వేసవి శిబిరానికి పథకం తయారుచేసేవారు. తయారుచేయడమంటే నిరుటి కాగితం తీసి సంవత్సరం దిద్దడమే. ప్రారంభోత్సవం, చేతిరాత పోటీ, సూక్తులు ఎత్తి రాయడం, ముగింపు సభ. ఆ కాగితం చివర ఒక గడి ఉండేది, 'పిల్లల నుంచి అందిన సలహాలు' అని. అందులో ఆయన గుండ్రటి అక్షరాలతో 'లేవు' అని రాసేవారు. నా కడుపు నిండా సలహాలే. నాకు నాలుగు అడుగుల దూరంలో కుర్చీ వేసుకుని కూర్చుని మరీ రాసేవారు, 'లేవు' అని. మొదటిసారి బాధపడ్డాను. రెండోసారి ఒళ్ళు మండింది. మూడోసారి నుంచి పగే.

అయినా అది ఉత్త ఉక్రోషంగానే ఉండిపోయేదేమో, ఢిల్లీశ్వరి రాకపోయుంటే. తొమ్మిదో తరగతి పిల్ల. తల్లి జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొడుతుంది. పొద్దున ఏడింటికి వెళ్తే సాయంత్రం అయిదింటికే రాక. వాళ్ళది రేకుల ఇల్లు. మే నెలలో మధ్యాహ్నం ఆ రేకుల కింద మనిషి ఉండలేడు. అందుకని ఆ పిల్ల అయిదేళ్ళ తమ్ముడు గణేశుని వెంటేసుకుని ఎనిమిదింటికల్లా గ్రంథాలయానికి వచ్చేది. ఇక్కడ పిల్లల గదికి మందపాటి గోడలు, పెద్ద ఫ్యాను.

కానీ శాఖా గ్రంథాలయం వేళలు పొద్దున ఎనిమిది నుంచి పదకొండు, మళ్ళీ సాయంత్రం నాలుగు నుంచి ఏడు. శిబిరమైనా అంతే. సరిగ్గా పదకొండుకు దాలినాయుడు గారు ఫ్యాను ఆపి, "లెగండి లెగండి" అని పిల్లల్ని బయటికి తోలి, తాళం వేసి, ఇంటికెళ్ళి, పెరుగన్నం తిని, పడక కుర్చీలో వాలేవారు. అక్కాతమ్ముళ్ళు మెట్ల మీద, గోడ నీడలో కూర్చునేవారు. పన్నెండున్నరకి నీడ ఉండేది కాదు.

ఢిల్లీశ్వరి రాసేది ఒకటే చీటీ. 'వేసవిలో మధ్యాహ్నం కూడా తెరిచి ఉంచండి. మేము చప్పుడు చెయ్యం.' ఎన్నిసార్లు వేసిందో నాకు లెక్కలేదు.

నిరుడు మేలో ఒక మధ్యాహ్నం ఆ మెట్ల మీదే గణేశు సొమ్మసిల్లిపోయాడు. వడదెబ్బ. ఢిల్లీశ్వరి కేకలకి ఎదురింటి వాకిట్లో ఉన్న అప్పయ్యమ్మ పరిగెత్తుకొచ్చి, బిందెడు నీళ్ళు కుమ్మరించి, తడిగుడ్డ చుట్టి, ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళింది. బతికాడు. ఆ సాయంత్రం దాలినాయుడు గారికి సంగతి తెలిసింది. "అయ్యో పాపం" అన్నారు. ఆయన అన్నది నిజంగానే. తర్వాత మెట్ల దగ్గర ఒక బోర్డు పెట్టించారు, 'ఇచ్చట కూర్చొనరాదు' అని.

ఆ రోజు నిర్ణయించుకున్నాను, ఈ మనిషిని నలుగురిలో తలెత్తుకోనివ్వకూడదని. కానీ పెట్టె ఏం చేయగలదు? బరువెక్కగలదు. కాచుకోగలదు.

ఈ ఏప్రిల్‌లో జిల్లా నుంచి కార్యదర్శి ఇందుమతి గారు వచ్చారు. కొత్తగా వచ్చిన మనిషి, శాలువా వద్దన్న మనిషి. వరండాలోనే కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. పొద్దుటి పూట కావడంతో పిల్లలు పాతికమంది చుట్టూ మూగారు. దాలినాయుడు గారు పథకం కాగితం చేతికిచ్చారు. ఆమె చదివారు.

"ఇది పోయినేడుదే కదండీ. ఏడు అనే అంకె మీద ఎనిమిది దిద్దారు."

"విధానం అదేనండి. మార్చాల్సిన అవసరం రాలేదు."

"పిల్లలు ఏం కావాలన్నారు?"

"ఏమీ అనలేదండి. సలహాల పెట్టె కూడా పెట్టాం. తొమ్మిదేళ్ళలో ఒక్క సలహా కూడా అందలేదు."

ఆమె నిట్టూర్చారు. "పిల్లలకే ఆసక్తి లేకపోతే ఇక మనమేం చేస్తాం? మీ పిల్లల గదిని పాత సామాను పెట్టుకోడానికి వేరే శాఖవాళ్ళు అడుగుతున్నారు. ఇచ్చేద్దామా?"

"తమరి ఇష్టమండి" అన్నారు దాలినాయుడు గారు.

ఢిల్లీశ్వరి ముఖం నేను చూశాను. ఆ గది పోతే మధ్యాహ్నం మాట దేవుడెరుగు, పొద్దున మూడు గంటలూ ఉండవు. తమ్ముణ్ణి మళ్ళీ ఆ రేకుల కింద కూర్చోబెట్టాలి. పిల్ల గబగబా నోట్సులోంచి ఒక కాగితం చింపి, అదే మాట రాసి, నా పక్కనున్న బెంచీ ఎక్కి సందులో పెట్టింది. దూరలేదు. గొంతుదాకా నిండి ఉన్నాను. స్కేలు తీసుకుని కుక్కింది.

"ఏయ్, ఏటి సేస్తన్నావు గుంటా! ప్రభుత్వ ఆస్తి అది!" అంటూ దాలినాయుడు గారు లేచి వచ్చి సరిగ్గా నా కింద నిలబడ్డారు.

అప్పుడు వదిలాను. తొమ్మిదేళ్ళు ఊపిరి బిగబట్టి పట్టుకున్న ఆ నాలుగు మేకుల్నీ ఒక్కసారిగా వదిలేశాను. అడుగు చెక్క ఆయన నెత్తి మీద టకీమని తగిలింది. ఆ వెనకే చీటీలు. తెల్లవి, పసుపువి, గీతల కాగితాలు, చాక్లెట్ రేపర్లు, క్యాలెండరు ముక్కలు. ఆయన భుజాల మీద, జేబులో, కళ్ళజోడు మీద. ఆ బరువు పోయే ఊపుకి నేనూ గోడ నుంచి ఊడి ఆయన కాలి మీద పడ్డాను. అది కావాలనే చేశాను, దాచుకోవడం ఎందుకు.

ఇందుమతి గారు ఒంగి ఒక చీటీ తీశారు. పైకి చదివారు. ఇంకొకటి చదివారు. కేకలెయ్యని రోజు చీటీ వచ్చేసరికి పిల్లలు కిసుక్కుమన్నారు. 'మధ్యాహ్నం తెరిచి ఉంచండి' అనేది మాత్రం మళ్ళీ మళ్ళీ వచ్చింది, ఒకే చేతిరాతలో. చదువుతూ చదువుతూ ఆమె నా తాళం వైపు చూశారు.

"దీని తాళంచెవి ఎక్కడండీ?"

"ముఖ్య అతిథి గారి దగ్గరండి."

"ఎప్పట్నుంచి?"

దాలినాయుడు గారు నేల చూశారు. అప్పయ్యమ్మ చెప్పింది, "తొమ్మిదేళ్ళయిందమ్మా. బాబుగారికి అడగడానికి మొగమాటం. నిరుడు ఈ గుంట తమ్ముడు ఆ మెట్ల మీదే వడదెబ్బకి పడిపోనాడు."

"నాయుడు గారూ, 'లేవు' అని తొమ్మిదిసార్లు రాశారు. ఈ పిల్ల తమ్ముడు మీ మెట్ల మీద పడిపోయాక కూడా రాశారు కదూ?"

ఎండలో నిలబడ్డట్టు ఆయన చెవులు ఎర్రగా అయ్యాయి. ఆ ఎరుపు చూడటానికే కదా నేను పుట్టిందనిపించింది.

ఆ పూటంతా పిల్లలు వరండా నేల మీద కూర్చుని నా కడుపులోవన్నీ మూడు కుప్పలు పోశారు, వేసవి, వానాకాలం, చలికాలం. పెద్ద పిల్లలది వేరే కుప్ప. ఏ నెలలో ఏం పెట్టాలో కొట్లాడుకుని మరీ తేల్చారు. ఇందుమతి గారు రాసుకున్నారు. గది ఎవరికీ ఇచ్చేది లేదన్నారు. మే నెలంతా పదకొండు నుంచి నాలుగు దాకా గ్రంథాలయం తెరిచే ఉంటుందన్నారు.

"ఎవరుంటారండీ ఆ వేళ?" అన్నారు దాలినాయుడు గారు నీరసంగా.

"మీరే."

ఆహా. పెరుగన్నం, పడక కుర్చీ అన్నీ ఒక్క మాటతో పోయాయి. నన్ను తీసి వెనక పారేస్తుంటే కూడా నాకు పండగలాగే ఉంది. పడేసిన చోటు సరిగ్గా పిల్లల గది కిటికీ కింద. ఆయన మూలుగులు వినడానికి ఇంతకంటే మంచి చోటు లేదు.

మొదటి వారం నేను కోరుకున్నట్టే గడిచింది. కరెంటు పోతే ఆయన విసనకర్రతో విసురుకుంటూ మూలిగేవారు. కునుకు పడితే ఎవడో ఒకడు చదరంగం బంటు పోయిందని లేపేవాడు. "ఓలమ్మో, నా పీకల మీదకొచ్చీసినాది" అని తనలో తను అనుకోవడం విన్నాను. ఎంత తృప్తి!

రెండో వారంలో దెబ్బతిన్నాను. ఆ రోజు దెయ్యం కథల రోజు. కథ చెప్పడానికి రావాల్సిన మాస్టారు ఎండకు జడిసి రాలేదు. పిల్లలు డీలా పడ్డారు. గణేశు వెళ్ళి దాలినాయుడు గారి చొక్కా పట్టుకు లాగి, "నువ్వు సెప్పు తాతా" అన్నాడు. ఆయన ముందు ఆఫీసు ఉత్తర్వు చదివినట్టు చదివారు. పిల్లలు నవ్వారు. ఆయనకు రోషం వచ్చింది. పుస్తకం మూసి, తన చిన్నప్పుడు వాళ్ళ నాయనమ్మ చెప్పిన జీడితోటలో దెయ్యం కథ ఎత్తుకున్నారు, దెయ్యం గొంతుతో సహా. కరెంటు పోయింది. ఎవరికీ పట్టలేదు. మర్నాడు ఆయన పదిన్నరకే అన్నం తినేసి వచ్చి కూర్చున్నారు. ఆ మర్నాడు ఎవడో తెమ్మన్నాడని ఇంటి నుంచి కుండెడు మజ్జిగ తెచ్చారు.

నాకు ఎలా ఉంటుందో చెప్పండి. శిక్ష వేయించాననుకున్నాను. ఆ మనిషి నవ్వుతున్నాడు! యాభై ఏడేళ్ళ వయసులో పులిలా గాండ్రిస్తున్నాడు! పిల్లలకి కావలసింది దొరికింది, గణేశు ఫ్యాను కింద చాప మీద బోర్లా పడుకుని బొమ్మల పుస్తకం తిరగేస్తున్నాడు. మంచిదే. కానీ నేను అడిగింది అది ఒక్కటే కాదు. నాకు ఆయన ఏడవాలి.

ఈ మధ్యాహ్నం దాలినాయుడు గారు స్వయంగా వెనక్కి వచ్చారు. రేపు బొమ్మలాట ఉందట, దానికి చిన్న వేదిక కావాలట, టేకు చెక్క అయితే గట్టిగా ఉంటుందట. నన్ను ఎత్తి, దుమ్ము తుడిచి, అటూ ఇటూ తిప్పి చూశారు. తర్వాత, "నా మీద కోపమేటే నీకు?" అన్నారు మెల్లగా.

అవునని చెప్పడానికి నాకు నోరు లేదు. పగిలిన పక్క నుంచి ఒక చెక్కపేడు పొడుచుకొచ్చి ఉంది. దాన్ని ఆయన బొటనవేలిలో దించాను.

"అబ్బా!" అన్నారు ఆయన. లోపల్నుంచి పిల్లలు పిలుస్తున్నారు. వేలు నోట్లో పెట్టుకుని, నన్ను చంకలో ఇరికించుకుని, గబగబా లోపలికి నడిచారు.